ఇద్దరం వెళ్లొచ్చాం

జోజిపాలెం చర్చిలో మరియదళం ఆడవాళ్లకి ఒక నియమం ఉంది. మంచాన పడ్డవాళ్లనీ, దిక్కులేనివాళ్లనీ చూడ్డానికి ఎప్పుడు వెళ్లినా ఇద్దరిద్దరుగానే వెళ్లాలి. ఒక్కతే వెళితే చూసినదానికి సాక్ష్యం ఉండదు, ముగ్గురు వెళితే కబుర్లకి అంతుండదు అంటుంది దళం అధ్యక్షురాలు ఫిలోమినా టీచర్. ఆవిడ రిటైరై తొమ్మిదేళ్లయింది. అయినా ఎవరితో మాట్లాడినా మూడో తరగతి పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. సరే, ఆవిడ గోల అలా ఉంచండి. మనకి కావలసింది ఇన్నాసమ్మ సంగతి.

ఇన్నాసమ్మా, అంతోనమ్మా పదకొండేళ్లు జంటగా తిరిగారు. శనివారం మధ్యాహ్నం మూడు కాగానే ఉతికిన చీరలు కట్టుకుని, జపమాలలు చేతికి చుట్టుకుని, డొంకన పడి వాగొడ్డుపాలెం వెళ్లేవాళ్లు. రెండు కిలోమీటర్ల నడక, దారికి అటూ ఇటూ మిరప చేలు, పత్తి చేలు. అంతోనమ్మ పొడుగు మనిషి, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ ముందు నడిచేది. ఇన్నాసమ్మ పొట్టిది, పైగా కల్లాల్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసీ తీసీ నడుం పట్టేసిన మనిషి. "నీ వెనక రావాలంటే నాకు గుర్రం కావాలక్కా" అని దెప్పేది. "నువ్వు గుర్రమెక్కి వస్తే రోగులు జడుసుకుని లేచి పరిగెత్తుతారే" అనేది అంతోనమ్మ. పదకొండేళ్లూ ఇదే హాస్యం. ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్లు.

ఆదివారం పూజ అయ్యాక చర్చి పక్కగదిలో దళం కూడుతుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, మరియతల్లి స్వరూపం పెట్టి, రెండు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒక్కో జంట లేచి ఆ వారం చేసిన పని నోటితో చెప్పాలి. తల్లి ఎదురుగా నిలబడి చెప్పే మాట గనక అందులో అబద్ధం ఉండదని అందరికీ గట్టి నమ్మకం. ఎవరూ తిరగేసి అడగరు. ఇన్నాసమ్మ చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట: "నేనూ అంతోనమ్మక్కా ఇద్దరం వెళ్లొచ్చాం."

ఆ మాటే కొంప ముంచింది.

ఫిబ్రవరి నెల అది. కాయ కోతలు ఊపు మీదున్నాయి. ఇన్నాసమ్మ పనిచేసేది పొరుగూరి కల్లంలో, ఆ ముఠాలో జోజిపాలెం మనిషి ఆమె ఒక్కతే. అక్కడ ఆ శనివారం సాయంత్రానికి సరుకంతా కోల్డ్ స్టోరేజీకి ఎత్తాలి. "రేపు రానోళ్లు ఇంక ఈ సీజనంతా రానక్కర్లా" అని తెగేసి చెప్పాడు ముఠా మేస్త్రి అంకమ్మరావు. ఆ మాట పట్టుకుని ఇన్నాసమ్మ అంతోనమ్మ ఇంటికి పోయి గునిసింది.

"నువ్వు పనికి పోవే. వాగొడ్డుపాలెంలో జక్రయ్య ముసలాయన ఎదురుచూస్తా ఉంటాడు, నేను పోయొస్తా" అంది అంతోనమ్మ.

"ఒక్కదానివే పోతే నియమం ఏం గాను?"

"ఒక్క పూటకి తల్లి ఏమీ అనుకోదులే. టీచరమ్మకి మాత్రం ఇద్దరం వెళ్లామనే చెప్పు. లేకపోతే గంటసేపు క్లాసు పీకుద్ది."

ఇద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. జరిగింది ఇంతే. ఇందులో పాపం ఎంతుందో మీరే చెప్పండి, నాకైతే ఆవగింజంత కనబడుతుంది.

మర్నాడు అంతోనమ్మ పూజకి రాలేదు. దళం కూడినప్పుడు ఇన్నాసమ్మ లేచి, మరియతల్లి ముఖం వంక చూడకుండా, "నేనూ అంతోనమ్మక్కా ఇద్దరం వెళ్లొచ్చాం. జక్రయ్య బాబాయి బాగానే ఉన్నాడు" అనేసింది.

"మరి ఆవిడ రాలేదేం ఇవాళ?" అంది ఫిలోమినా టీచర్.

"నాలుగున్నరకల్లా ఇంటికాడ దించే పోయాను టీచర్. ఎండకి తలనొప్పిగా ఉందంది. పడుకుని ఉంటది."

మొదటి మాట ఒప్పందం ప్రకారం చెప్పింది. రెండోది సొంతంగా అల్లింది. నిజంగా అలాగే ఉంటుందనుకుంది కూడా. పోయి చూద్దామనుకుంటూనే ఇంటికెళ్లింది, రెండు రోజుల మిరపకాయ మంట చేతుల్ని పీకుతుంటే కొబ్బరినూనె రాసుకుని ఒరిగింది, లేచేసరికి పొద్దుగూకింది. టీచరు గానీ మిగతావాళ్లు గానీ వెతకలేదు. ఇంటికి దించానని చెప్పిన మనిషిని ఎవరు వెతుకుతారు?

సోమవారం పొద్దున మాబు సాహెబ్ మేకలు డొంక దిగి ఒక పత్తి చేలోకి దూరాయి. ఆఖరి ఏరుడు అయిపోయి, పత్తికట్టె పీకకుండా వదిలేసిన చేను అది. మేకల్ని తోలుకు రావడానికి దిగినవాడికి కట్టె మధ్యన అంతోనమ్మ కనిపించింది. ఎడమ పక్కంతా పడిపోయి, మూతి వంకర పోయి ఉంది. ఊపిరి ఆడుతోంది. జక్రయ్యను చూసి తిరిగొస్తూ గట్టు మీదనుంచి పడింది. రెండు రాత్రులూ, మధ్యన ఒక పూర్తి పగలూ అక్కడే ఉంది. ఒంగోలు తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి పోయింది. "నిన్న పొద్దున తెచ్చినా దక్కేదేమోనమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ మాట ఊరంతా విన్నది. ఇన్నాసమ్మ ఒక్కతే అర్థం చేసుకుంది.

అంతోనమ్మకి ఒక్కతే కూతురు, జసింత. అద్దంకిలో కాపురం. ముందు శుక్రవారం ఫోనులో తల్లితో పోట్లాడింది. "ఊళ్లో ముసలోళ్లందరికీ చాకిరీ చేస్తావు, నీ మనవరాలికి జ్వరమొస్తే మాత్రం రావు. ఇంక నీకు ఫోనే చెయ్యను పో" అని పెట్టేసింది. అన్నట్టే శనివారం చెయ్యలేదు, ఆదివారమూ చెయ్యలేదు. వాగొడ్డుపాలెం డొంకే ఇంకాస్త ముందుకు పోతే అద్దంకి బస్సులు ఆగే రోడ్డులో కలుస్తుంది. శనివారం నాలుగున్నరకి ఇంటికొచ్చిన మనిషి మళ్లీ ఆ డొంకన ఎందుకు పడింది? ఫోను కూడా ఇంట్లో వదిలేసి ఎందుకు పోయింది? జసింత ఆలోచించి ఆలోచించి తేల్చుకుంది. అమ్మ తన ఫోను కోసం చూసి, రాకపోతే మనసు కష్టపెట్టుకుని, చీకటిపడే వేళ తన దగ్గరికే బయల్దేరింది. తన మాటే చంపింది.

సమాధి చేసిన రోజు ఇన్నాసమ్మ చెప్పేద్దామనే నోరు తెరిచింది. అంతలో జసింత వచ్చి మెడ కావలించుకుని, "పిన్నీ, అమ్మతో ఆఖరిసారి నవ్వుతా మాట్లాడింది నువ్వే కదా. నా మాటేమన్నా అన్నదా?" అని ఏడ్చింది.

"ఏమీ అనలేదమ్మా. నవ్వుతానే ఉంది" అంది ఇన్నాసమ్మ. ఇంక ఆ నోరు మళ్లీ పెగల్లేదు.

దళంలో తొమ్మిది మంది మిగిలారు. ఎలా జత కట్టినా ఒకరు మిగిలిపోతారు. కొత్తవాళ్లు చేరేదాకా నేనొక్కదాన్నే వెళతానంది ఇన్నాసమ్మ. టీచరు మొదట ఒప్పుకోలేదు గానీ, తోడు పోయిన మనిషిని మరీ నొక్కలేక ఊరుకుంది.

అంతోనమ్మ నెల పూజ అయ్యాక మొదటి శనివారం ఇన్నాసమ్మ ఒంటరిగా డొంకన పడింది. ఆ చేను దగ్గరికి వచ్చినప్పుడు తల అటు తిప్పలేదు. కట్టె పీకేసి దున్నేశారని మాత్రం కంటి కొసకి తెలిసింది. ఎండ మాడిపోతోంది, గాలి లేదు, కాకి అరుపు లేదు. భయమేమీ వెయ్యలేదు ఆ రోజు. దుఃఖం మాత్రం వచ్చింది.

జక్రయ్య పాతకాలపు ఉపదేశి. జోజిపాలెంలో మూడు తరాలకి జపాలు నేర్పినవాడు. షుగరుతో కళ్లు పోయి నాలుగేళ్లుగా నులకమంచం మీదే ఉన్నాడు. అంతోనమ్మ పోయిన సంగతి ఆయనకి చెప్పలేదు. "గుండె ఆగుద్ది, మావకి చెప్పమాకండి" అని కోడలు మల్లేశ్వరి అందరి కాళ్లూ పట్టుకుంది. ఆ కోడలు పగలంతా కూలికి పోతుంది. ఇన్నాసమ్మ వెళ్లేసరికి ఆయనొక్కడే ఉన్నాడు.

"ఎవరూ?"

"నేనే బాబాయ్, ఇన్నాసమ్మని."

"ఇద్దరూ వచ్చారా, రండి రండి."

అలవాటు కొద్దీ అన్నాడనుకుంది. కూర్చుని జపమాల మొదలుపెట్టింది. ముందు సగం ఆమె చెబుతుంది, వెనక సగం ఆయన అందుకుంటాడు. యాభై మూడు మరియ జపాలూ అయ్యాక ఆయన మంచం కాళ్ల వైపుకి ముఖం తిప్పాడు.

"అంతోనమ్మా, గొంతేందమ్మా అట్టా బొంగురుపోయింది? కుండలో నీళ్లున్నాయి, తాగు."

మంచం కాళ్ల దగ్గర ఎవరూ లేరు. మట్టి నేల, గోడకి ఆనించిన చేట, అంతే. ఇన్నాసమ్మకి వీపంతా చల్లబడింది. ముసలాయన మాత్రం ఎవరో జవాబు చెప్పినట్టు తల ఊపి, "ఆ, ఎండలు అట్టాగే ఉన్నాయి మరి" అన్నాడు.

కళ్లు లేని ముసలివాడు, మతి కూడా పోతోంది అని సర్దిచెప్పుకుంది ఇంటికొచ్చాక. కానీ తర్వాతి వారమూ అంతే, ఆ తర్వాతా అంతే. వేసవిలో ఒకరోజు ఆయన ఉన్నట్టుండి అన్నాడు. "అప్పుడెప్పుడో కాయ కోతలప్పుడు ఒక శనివారం నువ్వు రాలేదు చూడు, అంతోనమ్మ ఒక్కతే వచ్చింది. కల్లంలో పనుందని చెప్పిందిలే. ఆ ఒక్కసారి తప్ప మీ ఇద్దరూ ఏ వారమూ జత విడిచి రాలేదమ్మాయ్. దేవుడు చూస్తా ఉంటాడు."

లోకంలో ఆ నిజం తెలిసిన రెండో మనిషి ఆయనే. అది తెలిసిందని ఆయనకే తెలియదు. ఇన్నాసమ్మ ప్రతి శనివారం తప్పకుండా అక్కడికి వెళ్లడంలో జాలి ఎంతో, ఆయన ఎవరితోనన్నా ఈ ముక్క అంటాడేమోనన్న కాపలా ఎంతో, ఆమెనడిగితే ఆమే చెప్పలేదు.

వాగొడ్డుపాలెంలోనే వెంకటేశ్వరమ్మ అని ఇంకొకావిడ ఉంది. హిందువులు. భర్త పోయి, కాలి పుండు మానక వసారాలో కూర్చుని ఉంటుంది. ఆమెకి కాన్వెంటు సిస్టర్లు పంపే మందూ బ్యాండేజీ చేర్చడం కూడా ఇన్నాసమ్మ పనే. అంతోనమ్మ వచ్చినన్నాళ్లూ ఈవిడ ఒంగోలులో కొడుకు దగ్గర ఉంది గనక ఆమెని ఎరగదు. జూన్‌లో ఒక మధ్యాహ్నం ఇన్నాసమ్మ కింద కూర్చుని కట్టు విప్పుతుంటే, వెంకటేశ్వరమ్మ వాకిలి వైపు చూసి నొచ్చుకుంది.

"ఆమెను ఎండలో నిలబెట్టావేం తల్లీ? లోపలికి రమ్మను."

"ఎవర్నమ్మా?"

"నీతో వచ్చినామెని. ఎప్పుడూ గేటుకాడే ఉంటది. పొడుగ్గా ఉంటది చూడు." వెంకటేశ్వరమ్మ గొంతు తగ్గించింది. "ఏం అనుకోమాక గానీ, ఆమె ఒక పక్కకి వాలి నిలబడుద్దేం? జుట్టునిండా పత్తి. చేలో నుంచి తిన్నగా వస్తదా ఏంది?"

కట్టు గుడ్డ ఇన్నాసమ్మ చేతిలోంచి జారి కింద పడింది. తల తిప్పి చూడాలంటే మెడ కొయ్యబారిపోయింది. చూడలేదు. ఆ రోజు ఇంటికి ఎలా చేరిందో ఆమెకే గుర్తులేదు. వెనక అడుగుల చప్పుడు వినబడలేదు. వినబడి ఉంటే కొంత నయంగా ఉండేది.

అప్పటినుంచీ చూపు ఎప్పుడూ నేల మీదే. దారిలో మాబు సాహెబ్ ఎదురై సైకిలు దిగితే కూడా ఆగకుండా పోబోయింది. ఆయన ఊరుకోలేదు. "నా మనసులో ఒక మాట ఉండిపోయిందమ్మా. ఆ రోజు నేను చూసేసరికి ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. మీ ఊరి వైపే చూస్తా ఉంది. ఎవరో వస్తారని చూసినట్టే చూసింది పాపం" అన్నాడు. ఆయనకి ఇందులో ఏమీ తెలియదు. మంచివాడు, చెప్పుకుంటే బరువు తగ్గుతుందని చెప్పాడు. ఆ బరువు ఎవరి మీద పడిందో చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం దళంలో లేచి నిలబడితే ఇంకో వింత. "నేనొక్కదాన్నే వెళ్లొచ్చాను" అనాలని వాక్యం కూర్చుకుని లేచేది. నోరు తెరిస్తే "ఇద్దరం వెళ్లొచ్చాం" అని వచ్చేది. ఫిలోమినా టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అలవాటు అనుకున్నారు, దుఃఖం అనుకున్నారు. తల్లి ఎదురుగా తను ఇప్పుడు చెబుతున్నది అబద్ధమో నిజమో ఇన్నాసమ్మకే తేలడం లేదు.

ఇక పాపసంకీర్తనం చేసుకుని, ఫాదర్‌గారి దగ్గర తప్పు ఒప్పుకుని బయటపడదామని ఒక శనివారం సాయంత్రం చర్చికి వెళ్లింది. అప్పటికి లోపల ఇంకెవరూ లేరు. జాలీ తెర ఇవతల మోకరించి సిలువ గుర్తు వేసుకుంది. తెర అవతల ఫాదర్‌గారు తల వంచుకుని ఉన్నారు. కాస్త చిరాగ్గానే గొణిగారు.

"ఒక్కొక్కరుగా రావాలమ్మా. రెండో ఆవిడని కాస్త దూరంగా కూర్చోమను."

ఇన్నాసమ్మ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తింది.

మీరడగొచ్చు, అంత భయపడే మనిషి జసింతకి ఒక్క మాట చెప్పేస్తే పోలేదా అని. నేనూ అడిగేదాన్నే. కానీ ఆ ఊళ్లో ఇన్నాసమ్మకి ఉన్నదంతా ఆ పేరే. చదువు లేదు, సెంటు భూమి లేదు, మొగుడు పోయాడు. రోగుల్ని చూసే ఇన్నాసమ్మ అంటే మాత్రం రెడ్ల ఇళ్లలో కూడా పీట వేస్తారు. ఆ పీట పోతుందని భయం. చావు ఇంటికొచ్చి వెనక నిలబడినా, మనిషికి పరువు భయమే ముందు పుడుతుంది.

నవంబరు రెండు వచ్చింది. సమాధుల పండుగ, ఈసారి శనివారమే పడింది. పొద్దున్నుంచీ సమాధుల దొడ్డిలో సున్నాలు, బంతిపూలు, కొవ్వొత్తుల హడావుడి. సాయంత్రం ఫాదర్‌గారు వచ్చి ఒక్కో సమాధి మీదా తీర్థం చల్లుతారు. మధ్యాహ్నం రెండున్నరప్పుడు జసింత భర్త ఇన్నాసమ్మ ఇంటికి వచ్చాడు. నెమ్మదైన మనిషి, చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పిన్ని గారూ, మీ మాట అయితే వింటదని వచ్చానండి. శనివారం వస్తే చాలు, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇటు వచ్చేస్తంది. ఎక్కడికో అనుకున్నా. ఆ చేనుకండి. వాళ్లమ్మ పడిపోయిన చోట మిరప మొక్కల్లో పడుకుని ఉంటంది. పోయిన వారం నేను వెళ్లేసరికి వానలో తడిసి చలికి ఒళ్లు నీలం తిరిగిపోయింది. లేపితే, రెండు రాత్రులు ఉండనియ్యి, అమ్మ ఎంత బాధపడిందో నాకూ తెలియాలి అంటంది. తిండి మానేసింది. ఇయ్యాల కూడా శనివారమేనండి. పండుగ అయ్యాక మళ్లీ అక్కడికే పోద్ది. ఇంకోసారి ప్రాణంతో దొరకదని భయమేస్తంది." అతను చేతులు జోడించాడు. "వాళ్లమ్మ దీని మీద కోపంతో పోలేదని మీరొక్క మాట చెప్పండి."

ఇన్నాసమ్మ లేచి, ముఖం కడుక్కుని, "పద బాబూ" అంది.

అంతోనమ్మ ఇల్లు మూడు వీధుల అవతల. అల్లుడు వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల జసింత నేల మీద కూర్చుని బంతిపూలు గుచ్చుతోంది. ముప్పై ఏళ్ల పిల్ల, చెంపలు పీక్కుపోయి నలభై దాటినదానిలా ఉంది. ఇన్నాసమ్మని చూసి పీట జరిపింది. ఇన్నాసమ్మ పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"ఆ శనివారం నేను మీ అమ్మతో వెళ్లలేదమ్మా."

జసింత చేతిలో సూది ఆగింది.

"నేను కల్లంలో ఉన్నా. అక్క ఒక్కతే పోయింది, జక్రయ్యని చూట్టానికి. తిరిగొస్తా పడిపోయింది. నాలుగుకో నాలుగుంబావుకో, ఎండగానే. అసలు ఇంటికే రాలేదు. నీ ఫోను కోసం చూడలేదు, నీ దగ్గరికి బయల్దేరలేదు. ఇంటికి దించానని నేను అబద్ధం చెప్పా. మరియతల్లి ముందర నిలబడి చెప్పా."

"ఫోను…" అంది జసింత మెల్లగా. "రోగుల దగ్గరికి పోయేటప్పుడు అమ్మ ఫోను తీసుకెళ్లదు. జపంలో మోగుద్దని."

"అవునమ్మా."

"నేనెందుకు ఇది ఆలోచించలేదు పిన్నీ?"

"నేను చెప్పానుగా ఇంటికొచ్చిందని. నా మాట మీద ఎవరు ఆలోచిస్తారు?"

జసింత పూలు పక్కన పెట్టింది. ఏదో లెక్కేసుకుంటున్నట్టు వేళ్లు కదిలాయి. "ఆదివారం పొద్దున మీరంతా పూజలో ఉన్నారు."

"ఉన్నాం."

"అప్పటికి అమ్మ బతికే ఉంది."

"ఉంది."

"అమ్మ ఏ దారిన పోయిందో ఈ భూమ్మీద తెలిసింది నీ ఒక్కదానికే."

ఇన్నాసమ్మ తల ఊపింది.

జసింత ఏడవడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలుగా లోలోపల ఏడ్చిన పిల్ల ఇప్పుడు వీధంతా వినబడేట్టు, నేల మీద చేతులు కొట్టుకుంటూ ఏడ్చింది. "నా మీద కోపంతో పోలేదు" అంది. కాసేపయ్యాక, "నా కోసమూ బయల్దేరలేదు" అంది. రెండో మాటకి ఇంకా గట్టిగా ఏడ్చింది. వాకిట్లో భర్త లోపలికి రాబోయి, ఆ ఏడుపులో ఊపిరి ఆడుతోందని గ్రహించినట్టు ఆగిపోయాడు. ఇన్నాసమ్మ దగ్గరికి వెళ్లి వీపు నిమరబోయింది. జసింత భుజం తప్పించుకుంది.

కాసేపటికి సద్దుమణిగింది. జసింత కొంగుతో ముఖం తుడుచుకుని తలెత్తింది. చూపు ఇన్నాసమ్మ మీద ఆగలేదు. ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు పోయి, అక్కడ నిలిచిపోయింది. ఆ ముఖంలో మొదట భయం కనబడింది. తర్వాత అది కరిగిపోయి, చిన్నపిల్లల ముఖాల్లో బడి వదిలే వేళ కనబడేదేదో కనబడింది.

"నువ్వెళ్లు పిన్నీ" అంది, చూపు అక్కణ్ణించి తిప్పకుండానే. గొంతులో కోపం లేదు, దయా లేదు. "ఇంక మా ఇంటికి రావొద్దు. అమ్మని మాత్రం ఇక్కడ వదిలిపెట్టి వెళ్లు."

ఇన్నాసమ్మ తిరిగింది. గుమ్మంలో ఆమెకేమీ కనబడలేదు, ఎండ తప్ప. అయినా దాటేటప్పుడు, లోపలికి వచ్చేవాళ్లకి దారి ఇచ్చినట్టు ఒక పక్కకి ఒదిగి దాటింది. అల్లుడి ముఖం చూడకుండా వీధిలోకి వచ్చింది.

ఇక ఊరందరికీ తెలిసిపోతుంది. రేపు తనే దళంలో చెబుతుంది. అది చెప్పడం ఇప్పుడు కష్టంగా అనిపించలేదు. చర్చి దగ్గర గంట కొడుతున్నారు. జనం కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దొడ్డి వైపు నడుస్తున్నారు. ఇన్నాసమ్మ వాళ్ల వెనకే నాలుగడుగులు వేసి ఆగింది. వీపు మీద ఆ చల్లదనం లేదు. నెలల తరబడి తిప్పని మెడ తిప్పి చూసింది. వెనక వీధి ఖాళీగా ఉంది. ఇంకో పది అడుగులు వేసి మళ్లీ చూసింది. మూడోసారీ చూసింది. ఇన్ని నెలలూ దేన్ని చూడకుండా ఉండాలని నేల చూపులు చూసిందో దాని కోసమే, నడివీధిలో నిలబడి నాలుగు దిక్కులా వెతుక్కుంది. జనం పక్కనుంచి పోతూ ఉండగానే "అక్కా" అని పెద్దగా పిలిచి, చంటిపిల్లలా ఏడ్చింది.